అక్కడి నలుపుకి మందు అక్కర్లేదు

సంపాదకులకు నమస్కారం.

నేను హైస్కూల్లో సైన్స్ చెప్తాను. ఇరవై ఏడేళ్ల సర్వీసు. ఈ ఉత్తరం రాయాలా వద్దా అని మూడు వారాలు తటపటాయించాను, ఎందుకంటే విషయం మగవాళ్ల మర్మాంగాల రంగు గురించి. ఇంట్లో ఎవరూ ఎత్తరు, పత్రికల్లో ఎప్పుడో తప్ప కనిపించదు. చివరికి మా అబ్బాయిని అడిగాను, రాయనా అని. "నా పేరు లేకుండా రాయి నాన్నా" అన్నాడు. అందుకే రాస్తున్నాను. నా పేరు వేస్తే వాణ్ణి గుర్తుపడతారు కాబట్టి దయచేసి నా పేరు కూడా వేయకండి.

పోయిన నెలలో బాత్రూమ్‌లో బల్బు మార్చడానికి స్టూలెక్కాను. గీజరుకీ గోడకీ మధ్య సందులో ఒక క్రీము ట్యూబు కనిపించింది. అడుగు నుంచి మడతలు పెట్టుకుంటూ పిండేశారు, సగానికి పైగా అయిపోయింది. మూత తీశాను. ఒకప్పుడు నేను వాడినదానికీ దీనికీ కంపెనీ వేరు, ట్యూబు మీది రంగులు వేరు. కానీ వెనకాల కళ్లజోడు పెట్టుకుంటే తప్ప కనపడని అక్షరాల్లో ఉన్న మందు పేరు మాత్రం నాకు బాగా తెలిసిందే. క్లోబెటాసాల్ అనే స్టెరాయిడ్. ఇరవై ఆరేళ్ల వయసులో ఎనిమిది నెలల పాటు నన్ను కూర్చోనివ్వని, నిద్రపోనివ్వని మందు అది.

మా చిన్నవాడికి పదిహేడేళ్లు. ఆ రోజు వాణ్ణి ఏమీ అడగలేదు. మర్నాడు సాయంత్రం డాబా మీదికి తీసుకెళ్లి, చీకటి పడేదాకా అవీ ఇవీ మాట్లాడి, ట్యూబు సంగతి ఎత్తాను. ముఖం కనపడకపోతే వాడికి తేలికగా ఉంటుందని.

చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత, "నాన్నా, నాకు ఏదో జబ్బు చేసింది" అన్నాడు.

"ఏం జబ్బురా?"

"అక్కడ నల్లబడిపోతోంది. రెండేళ్ల నుంచి. ముందు ఇలా లేదు."

"అక్కడ" అన్నాడు. వాడి దగ్గర అంతకంటే వేరే మాట లేదు. నా దగ్గర మాత్రం ఏముంది? బూతు మాటలు తెలుసు, పుస్తకంలోని శిశ్నం, ముష్కం తెలుసు. తండ్రీ కొడుకులు మామూలుగా మాట్లాడుకునే మాట ఒక్కటీ మా ఇంట్లో లేదు. ఆ రాత్రి ఇద్దరం కూడబలుక్కుని అంగం, వృషణాల సంచి, ముందు చర్మం అన్న మూడు మాటలు పెట్టుకున్నాం. ఈ ఉత్తరంలోనూ అవే వాడతాను.

ముందు నా కథ చెప్తాను. నాకు పెళ్లి కుదిరిన కొత్త. ఒకరోజు స్నానం చేస్తూ చూసుకుంటే పొట్ట మీది చర్మానికీ కిందికీ పొంతన లేదనిపించింది. ఒళ్లు చామనఛాయ, వృషణాల సంచి దాదాపు నలుపు. దాని మధ్యలో కుట్టు వేసినట్టు ఇంకా నల్లటి గీత ఒకటి, వెనక్కి మలద్వారం దాకా. తొడల లోపలి వైపు కూడా నల్లదనం. కాబోయే భార్య ఏమనుకుంటుందో అన్న టెన్షన్ పట్టుకుంది. మందుల షాపులో తల వంచుకుని "గజ్జల్లో నలుపు" అని గొణిగితే ఒక ట్యూబు చేతిలో పెట్టారు. రోజుకి రెండుసార్లు పూశాను.

మొదటి రెండు వారాలు నిజంగానే రంగు తేలింది. సంబరపడ్డాను. నెలన్నర తిరిగేసరికి మంట మొదలైంది. చర్మం ఎర్రగా, నిగనిగలాడుతూ, సన్నటి రక్తనాళాలు పైకి కనిపించేంత పల్చబడింది. ప్యాంటు కుట్టు తగిలితే ప్రాణం పోయేది. కుర్చీలో కూర్చోలేక పీరియడ్ మొత్తం నిలబడే చెప్పేవాణ్ణి, పిల్లలు మాస్టారికి ఓపిక ఎక్కువ అనుకునేవారు. క్రీము ఆపితే మంట రెట్టింపు, పూస్తే రెండు గంటలు హాయి. అందుకని మళ్లీ పూయడం. పెళ్లయ్యాక మొదటి వారం నాకు జ్వరమని నా భార్యతో అబద్ధం చెప్పాను. ఎనిమిదో రోజు ఆమెకి సంగతి తెలిసిపోయింది. నన్ను డాక్టరు దగ్గరికి లాక్కెళ్లింది ఆమే. "చర్మ, సుఖవ్యాధుల నిపుణులు" అన్న బోర్డు చూసి నేను గుమ్మం దగ్గరే ఆగిపోతే, చెయ్యి పట్టుకుని లోపలికి తీసుకెళ్లింది.

డాక్టరు పెద్దాయన. టార్చిలైటు వేసి రెండు నిమిషాలు చూశారు. ఒకే ప్రశ్న: "ఏం పూశావు?" ట్యూబు చూపించాను. "నల్లగా ఉండటం నీ ఒంటి తీరు. ఈ ఎరుపు నువ్వు కొనితెచ్చుకున్నది" అన్నారు. ఆపగానే మంట ఇంకా పెరుగుతుంది, ఓర్చుకో, మళ్లీ దాని జోలికి పోకు అన్నారు. పూర్తిగా తగ్గడానికి ఆరు నెలలు పట్టింది. తగ్గాక చూసుకుంటే రంగు మళ్లీ మొదటి రంగే.

ఆ చర్మం ఎంత సున్నితమో తర్వాత చదివి తెలుసుకున్నాను. ఫెల్డ్‌మన్, మైబాక్ అనే ఇద్దరు పరిశోధకులు 1967లో హైడ్రోకార్టిసోన్ అనే స్టెరాయిడ్‌ని ఒంటి మీద వేర్వేరు చోట్ల పూసి, ఎక్కడ ఎంత లోపలికి ఇంకుతుందో కొలిచారు. ముంజేతి మీద ఇంకినదానికి దాదాపు 42 రెట్లు వృషణాల సంచి మీద ఇంకింది. హైడ్రోకార్టిసోన్ స్టెరాయిడ్లలో బలం తక్కువది. క్లోబెటాసాల్ అత్యంత బలమైనవాటిలో ఒకటి. దాన్ని నేను నెలల తరబడి, పొద్దునా సాయంత్రం పూశాను.

నాకు ఇప్పటికీ బాధ కలిగించే సంగతి ఏమిటంటే, చర్మానికి రంగునిచ్చే మెలనిన్ గురించి బోర్డు మీద బొమ్మ వేసిన చేత్తోనే ఆ ట్యూబు పిండాను. పాఠంలో చర్మం ఉంది. అది నా ఒంటి చర్మమే అని తోచలేదు. పాఠ్యపుస్తకంలో జననాంగాల బొమ్మ ఉత్త గీతల బొమ్మ. బాణం గుర్తులు, పేర్లు, అంతే. అసలు ఆ భాగం ఏ రంగులో ఉంటుందో ఏ పిల్లవాడికీ ఆ బొమ్మ చెప్పదు. మగపిల్లలు ఒకరినొకరు చూసుకోరు, పెద్దవాళ్లని చూడరు. మిగిలింది ఫోన్లో కనిపించే బొమ్మలు. వాటిలో లైట్లు, మేకప్పు, రంగు దిద్దడం అన్నీ ఉంటాయి.

మా వాడికి డాబా మీద చెప్పింది ఇక్కడా చెప్తాను. చర్మానికి రంగునిచ్చేవి మెలనోసైట్లు అనే కణాలు. తెల్లగా ఉన్నవాళ్లకీ నల్లగా ఉన్నవాళ్లకీ వీటి సంఖ్యలో పెద్ద తేడా లేదు. అవి తయారుచేసే రంగు రేణువుల పరిమాణం, పంపిణీ వేరు, అంతే. అయితే ఒకే మనిషి ఒంట్లో అన్ని చోట్లా ఈ కణాలు ఒకేలా పరుచుకుని ఉండవు. జననాంగాల దగ్గర దట్టంగా ఉంటాయి, సెక్స్ హార్మోన్ల మాట బాగా వింటాయి. యుక్తవయసులో టెస్టోస్టెరాన్ పెరిగి గొంతు మారి, మీసాలు వచ్చే రోజుల్లోనే అక్కడ నల్లబడుతుంది. ఆడపిల్లల్లోనూ ఇదే జరుగుతుంది. చనుమొనలు ముదురు రంగుకి తిరిగేది కూడా ఈ హార్మోన్ల వల్లే. ఎంత తెల్లటి మనిషికైనా వృషణాల సంచి మిగతా ఒంటికంటే ఒకటి రెండు ఛాయలు ముదురుగానే ఉంటుంది. నేను భయపడిన ఆ నల్లటి గీత, తల్లి కడుపులో ఉండగా రెండు వైపుల నుంచి వచ్చిన మడతలు కలిసిన చోటు. ప్రతి మగవాడికీ ఉంటుంది.

ఒకే మనిషిలో కూడా ఆ రంగు నిలకడగా ఉండదు. చలికి సంచి ముడుచుకుంటే ముడతలు దగ్గరపడి ఇంకా నల్లగా కనిపిస్తుంది. వేడికి సాగితే తేలిక రంగు. దాని చర్మం కింద కొవ్వు పొర ఉండదు, అందుకే లోపలి రక్తనాళాలు నీలంగా కనిపిస్తాయి. అంగం గట్టిపడినప్పుడు రక్తం నిండి కొస ఎర్రగానో ఊదాగానో మారుతుంది. మామూలుగా కొస గులాబీ నుంచి గోధుమ దాకా ఏ రంగులోనైనా ఉండొచ్చు. సున్తీ అయినవాళ్లకి మచ్చ గీత దగ్గర రెండు రంగులు కలిసినట్టుంటుంది. మొదలు వైపు ముదురు, కొస వైపు లేత, ఎందుకంటే ఆ కొస వైపు భాగం ఒకప్పుడు ముందు చర్మానికి లోపలి వైపు. ఇవన్నీ ఆరోగ్యమైన చర్మమే.

మా వాడికి ఇంత చెప్పినా ఇంకా ఏదో నలుగుతున్నట్టు అనిపించింది. చివరికి బయటపెట్టాడు. "హస్తప్రయోగం వల్లే నల్లబడుతుందని ఫ్రెండ్ చెప్పాడు." వాడి టెన్షన్ అంతా అక్కడుంది. రంగు కంటే పెద్దది ఆ తప్పు చేశానన్న భావం. ఈ అపోహ ఎందుకు ఇంత గట్టిగా నిలబడిందో నాకు అప్పుడు అర్థమైంది. ఆ అలవాటు మొదలయ్యే వయసూ, అక్కడ చర్మం నల్లబడే వయసూ ఒకటే. రెండింటి వెనకా అదే హార్మోను. పిల్లవాడు ఒకదాన్ని చూసి రెండోదానికి కారణం అనుకుంటాడు. దానివల్ల రంగు మారదురా, మానేసినా రంగు వెనక్కి రాదు, అసలు రావలసిన పనే లేదు అని చెప్పాను. వాడు ఏడ్చాడు. రెండేళ్లుగా వాడు మోస్తున్న బరువు నాకు తెలియనే తెలియదు.

మురికి అనుకుని గరుకు స్పాంజితో రుద్దడం కూడా చేశాడట. రుద్దితే చర్మం ఒరుసుకుపోతుంది, ఒరిపిడి మానాక అక్కడ ఇంకా నల్లబడుతుంది. రేజరు గాట్లు, గజ్జల్లో తామర తగ్గాక మిగిలే మచ్చలు కూడా ఇలాంటివే. నెలలు పడతాయి కానీ వాటంతట అవే పలచబడతాయి. తామర ఉంటే మాత్రం దానికి తగిన మందు వాడాలి. స్టెరాయిడ్ కలిసిన క్రీము పూస్తే దురద తగ్గినట్టే తగ్గి, లోపల తామర ఇంకా పాకుతుంది. తెల్లబరుస్తాయనే క్రీముల్లో స్టెరాయిడ్ ఒక్కటే ప్రమాదం కాదు. కొన్నింట్లో పాదరసం దొరికింది, అది మూత్రపిండాలను దెబ్బతీస్తుంది. పాదరసాన్ని అరికట్టడానికి 2013లో దేశాల మధ్య కుదిరిన మినమాటా ఒప్పందం పరిధిలో సౌందర్య సాధనాల్లోని పాదరసం కూడా ఉంది. హైడ్రోక్వినోన్ అనే రంగు తగ్గించే మందుని డాక్టరు చూపు లేకుండా ఏళ్లకేళ్లు పూసినవాళ్లలో కొందరికి చర్మం నీలి నలుపుకి తిరుగుతుంది. తెల్లబడాలని పూసినదే మరింత నల్లబరుస్తుంది.

అయితే అక్కడ కనిపించే ప్రతి రంగూ మామూలే అని కూడా నేను అనడం లేదు. పుట్టుకతో, వయసుతో వచ్చి రెండు వైపులా ఒకేలా ఉన్న నలుపు వేరు. నిన్న లేనిది ఇవాళ మచ్చలా రావడం వేరు. ఇక్కడ మా తోడల్లుడి సంగతి చెప్పాలి, ఆయన ఒప్పుకున్నాకే రాస్తున్నాను. ఆయనకి ఒకసారి అంగం కొస మీద రూపాయి బిళ్లంత గుండ్రటి మచ్చ వచ్చింది. మొదట మంట, ఎరుపు, తర్వాత ఊదా, మానాక నలుపు. ఏడాదిలో మూడుసార్లు, సరిగ్గా అదే చోట. ఇంట్లో పెద్ద గొడవ. నా మరదలు పుట్టింటికి వెళ్లి నెల రోజులు రాలేదు. ఆయన సిఫిలిస్, హెచ్‌ఐవీ పరీక్షలన్నీ చేయించుకున్నాడు, ఏమీ లేదు. అయినా అనుమానం పోలేదు, ఆయన మాట నమ్మేవాళ్లు లేరు. చివరికి ఒక చర్మ డాక్టరు, మచ్చ వచ్చిన ప్రతిసారీ అంతకుముందు ఏ మాత్ర వేసుకున్నావని అడిగారు. విరేచనాలు పట్టుకున్నప్పుడల్లా ఇంట్లో ఉన్న కో-ట్రైమాక్సజోల్ మాత్ర వేసుకునేవాడు. అదీ కారణం. ఒక మందు పడనప్పుడు, వేసుకున్న ప్రతిసారీ ఒంటి మీద అదే చోట అదే మచ్చ లేవడం డాక్టర్లకి బాగా తెలిసిన సంగతి, అంగం కొస దానికి ఇష్టమైన చోటు. కొన్ని నొప్పి మాత్రలకీ, టెట్రాసైక్లిన్‌కీ కూడా ఇలా రావచ్చు. ఆ మాత్ర మానేశాడు, మచ్చ మళ్లీ రాలేదు. మరదలు తిరిగొచ్చింది. కానీ ఆ నెల రోజులు ఎవరు తిరిగిస్తారు? మచ్చ చూడగానే సుఖరోగం అని తీర్పు చెప్పేసే అలవాటు ఆ కాపురాన్ని కూల్చేసేది.

మా స్కూల్లో తోటి టీచరు ఒకాయనకి ముందు చర్మం ఎర్రబడి, పగుళ్లు వచ్చి, తెల్లటి పొర కట్టేది. ఫంగస్ మందు రాస్తే తగ్గేది, మళ్లీ వచ్చేది. రక్తపరీక్ష చేస్తే షుగరు బయటపడింది. గజ్జలు, మెడ, చంకలు మందంగా, ముఖమల్ గుడ్డలా నల్లబడుతున్నా షుగరు చూపించుకోవాలి. 

తెల్లబడటం గురించి రెండు మాటలు. బొల్లి మచ్చలు అక్కడ కూడా వస్తాయి. అంటవు, ప్రాణహాని లేదు. కానీ చర్మం తెల్లగా మారి, కాగితంలా పల్చబడి, ముందు చర్మం బిగుసుకుని వెనక్కి రాకపోతే అది బొల్లి అని వదిలేయకూడదు. లైకెన్ స్క్లెరోసస్ అనే జబ్బు ఉంది, చూపించుకోకపోతే మూత్రదారి కూడా ఇరుకవుతుంది, ఏళ్లు గడిస్తే క్యాన్సర్ ముప్పు కొంత పెరుగుతుంది. దానికి డాక్టర్లు ఇచ్చేది చాలాసార్లు క్లోబెటాసాలే. కొలత ప్రకారం, గడువు ప్రకారం, వాళ్ల కళ్ల ముందు. మందు అదే, చేతులు వేరు.

నెల దాటినా మానని ఎర్రటి ముఖమల్ లాంటి మచ్చ, నొప్పి లేని పుండు, పెరుగుతున్న లేక అంచులు చెదిరిన నల్లమచ్చ, వీటికి సిగ్గు పనికిరాదు. ఉన్నట్టుండి వృషణంలో తీవ్రమైన నొప్పి వచ్చి సంచి ఎర్రబడితే తెల్లారేదాకా ఆగకూడదు. వృషణం మెలిపడితే దాన్ని కాపాడుకోవడానికి దాదాపు ఆరు గంటలే గడువు. వెనక్కి లాగిన ముందు చర్మం ముందుకి రాక కొస వాచి నీలంగా మారినా అంతే. షుగరు ఉన్నవాళ్లకి అక్కడ భరించలేని నొప్పితో, జ్వరంతో చర్మం నల్లబడటం మొదలైతే అది ప్రాణం మీదికి వచ్చినట్టే, వెంటనే ఆసుపత్రికి పరుగెత్తాలి. పసిపిల్లల తల్లిదండ్రులకి ఒక మాట. పుట్టిన మగబిడ్డకి అక్కడ కొంత ముదురు రంగు ఉండటం మామూలే. బాగా నల్లగా ఉండి, బిడ్డ పాలు తాగక, వాంతులతో వాడిపోతుంటే మాత్రం డాక్టరుకి ఆ రంగు సంగతి కూడా చెప్పండి. మూత్రపిండాల పైన ఉండే ఎడ్రినల్ గ్రంథి లోపం అలా బయటపడే అవకాశం ఉంది.

కొస అంచు చుట్టూ వరసగా ఉండే ముత్యాల్లాంటి బుడిపెలకీ, అంగం చర్మం మీద కనిపించే లేత పసుపు చుక్కలకీ మందు అక్కర్లేదు. మా తరగతిలో వీటి గురించి చీటీ రాసి టేబుల్ మీద పెట్టిన పిల్లవాడు ఒకడు కాదు.

సంపాదకులకి నాది ఒకటే విన్నపం. మీ ఆరోగ్యం పేజీలో ఈ విషయాన్ని ఒక చర్మ డాక్టరు చేత పేర్లు దాచకుండా రాయించండి. "మర్మస్థానాల సమస్యలు" అని పైపైన కాకుండా అంగం, వృషణాల సంచి అని రాయండి. ఆ మాటలు అచ్చులో చూస్తే తండ్రులకి నోరు పెగులుతుంది. ఏ పత్రికైనా సరే, అక్కడి చర్మాన్ని తెల్లబరుస్తామనే ప్రకటన వస్తే తిప్పి పంపాలని కోరుతున్నాను. తోటి టీచర్లకి కూడా ఒక మాట. ఆ గీతల బొమ్మ చూపించేటప్పుడు, "ఇక్కడి చర్మం మీ వయసులో నల్లబడుతుంది, అది మామూలు" అని ఒక్క వాక్యం చెప్పండి. ఇరవై ఏడేళ్లు నేనూ చెప్పలేదు. ఈ ఏడాది చెప్పాను. క్లాసులో ఎవరూ నవ్వలేదు. వెనక బెంచీలో ఇద్దరు తలెత్తి నా వైపే చూస్తూ ఉండిపోయారు.

మా వాడు క్రీము మొదలుపెట్టి అప్పటికి నాలుగు వారాలే. డాక్టరు ఆపించారు. పది రోజులు మంట ఉంది, ఇప్పుడు తగ్గుముఖం పట్టింది. ఎల్లుండి మళ్లీ చూపించాలి. ఈసారి నన్ను బయటే కూర్చోమన్నాడు, లోపల తనే మాట్లాడతాడట.

భవదీయుడు,
ఒక సైన్స్ ఉపాధ్యాయుడు